నిరాడంబరమైన పెళ్ళికి ఎవరిని పిలుస్తాం?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను, జీతం 32 వేలు. నాస్తికత్వాన్ని ప్రచారం చేసిన గోరా గారు కూడా బోటనీ లెక్చరరే అని ఎవరో చెబితే ఆయన ఆత్మకథ ‘నేను నాస్తికుణ్ణి’ తెచ్చుకుని చదివాను. తర్వాత గాంధీతో ఆయన పరిచయం గురించి రాసిన పుస్తకం కూడా చదివాను. అప్పటి నుంచి ఆర్భాటం అంటేనే వెగటుగా ఉంది. పట్టుచీరలు చాలావరకు ఇచ్చేశాను. మాఘమాసంలో నా పెళ్ళి. ఫంక్షన్ హాలు, డెకరేషన్, భోజనాల కోసం నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తేబోతున్నారు. రిజిస్టర్ పెళ్ళి చేసుకుంటానంటే “ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళలో తిన్నాం, మనం పెట్టొద్దా?” అని బాధపడ్డారు. అక్క మాత్రం “సింపుల్‌గా ఉంటున్నానని నీకు గర్వం ఎక్కువైంది” అంది. ఆ మాట బాగా గుచ్చుకుంది. నాకు దేవుడంటే కొంచెం నమ్మకం ఉంది. నేను చేసుకోబోయే అబ్బాయి “గోరాని తీసుకుంటే మొత్తం తీసుకో, లేకపోతే వదిలెయ్” అంటున్నాడు. నాస్తికురాలిని కాకుండా ఆయన చెప్పిన నిరాడంబరత పాటించవచ్చా? నాన్నతో ఎలా మాట్లాడాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ అక్క మాటతో మొదలుపెడతాను. ఆమె కోపంలో అని ఉండొచ్చు, మీ మాటలకు నొచ్చుకుని అని ఉండొచ్చు. అయినా గోరాని ఇష్టంగా చదివిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వినవలసిన మాట అది. పట్టుచీరలు ఇచ్చేశాక మీ అక్క మీకు దగ్గరైందా, దూరమైందా? ఆమె బంగారం కొనుక్కున్న రోజు మీ ముఖం ఎలా ఉంది? నలుగురిలో ఒక మెట్టు పైన కనిపించాలనే కోరిక పట్టుచీరలో ఎంత సుఖంగా దాక్కుంటుందో నూలుచీరలోనూ అంతే సుఖంగా దాక్కుంటుంది. మీలో అది ఉందని నేను అనడం లేదు. ఆ మాట గుచ్చుకుందని మీరే రాశారు కాబట్టి మీకే తెలిసి ఉంటుంది.

గోరా రాతల్లో నిరాడంబరత ఎక్కడా ఒక వ్రతంలా విడిగా కనిపించదు. అది ఎప్పుడూ సమానత్వం పక్కనే ఉంటుంది. తక్కువ ఖర్చుతో బతికితే మనసుకు ప్రశాంతత వస్తుందనీ, ఆరోగ్యం బాగుంటుందనీ చెప్పడానికి ఆయన పెద్దగా శ్రమపడలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడానికి అది ఒక పనిముట్టు అనుకున్నాడు. ఇది పట్టుకోకుండా ఆయన పుస్తకాలు చదివితే పొదుపు నేర్చుకుంటాం, అంతకుమించి ఏమీ రాదు.

ఆయన జీవితం ఆ వరుసలోనే నడిచింది. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902 నవంబర్ 15న అప్పటి గంజాం జిల్లా ఛత్రపురంలో, ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. జంధ్యం తీసేసినందుకు 1928లో కులంవాళ్ళు వెలివేశారు. నాస్తికత్వం ప్రచారం చేస్తున్నాడని 1933లో కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలో దొరికిన ఉద్యోగాన్ని 1940లో తనంతట తానే వదులుకుని, భార్య సరస్వతితో, పిల్లలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం మొదలుపెట్టాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ముదునూరులో ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేవి సహపంక్తి భోజనాలు. అన్ని కులాల వాళ్ళనూ ఒక వరుసలో కూర్చోబెట్టి తినిపించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ వరుసలో కూర్చోవాలంటే ఎవరి గొప్పలు వాళ్ళు బయట వదిలి రావాలి. నిరాడంబరత అక్కడ అవసరం నుంచి పుట్టింది. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించి అన్ని మతాలవాళ్ళనూ బహిరంగంగా విందుకు పిలిచినప్పుడు చాలామందికి అది రెచ్చగొట్టడంగా కనిపించింది. ఆయనకు మాత్రం అది ముదునూరు పంక్తికి కొనసాగింపే.

మంత్రుల విషయంలోనూ ఆయనది ఇదే లెక్క. ప్రజల సేవకులు ప్రజల్లా బతకాలని అడగడానికి 1961-62లో గాంధీ ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి దాదాపు వంద రోజులు నడిచాడు. 1960ల చివర్లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో అలంకారపు మొక్కల చోట కూరగాయ మొక్కలు నాటే సత్యాగ్రహం చేశాడు. ఈ సంగతి బోటనీ చెప్పే మీకు ప్రత్యేకంగా రాస్తున్నాను. పువ్వు అందం తెలియక చేసిన పని కాదు అది. చెట్టూ చేమా చదువుకున్న మనిషే చేశాడు. జనం తిండికి ఇబ్బంది పడుతున్నప్పుడు ప్రభుత్వ స్థలం, నీళ్ళు, జీతం ఇచ్చి పెట్టుకున్న మనుషులు దేనికోసం పనిచేయాలని అడిగాడు. ఆ పని సబబా కాదా అని వాదించుకోవచ్చు. నాకైతే ఊళ్ళో పార్కు పేదవాడికీ అవసరమే అనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్నను పక్కకు నెట్టడం మాత్రం కష్టం.

ఇప్పుడు మీ పెళ్ళి. రిజిస్టర్ ఆఫీసులో పదిమందితో ముగించేస్తే నిరాడంబరంగా జరిగినట్టేనా? ఒక పని చేయండి. ఇప్పుడు మీ నాన్నగారు రాసుకున్న పిలుపుల జాబితా తీసుకుని, దాన్ని యాభై మందికి తగ్గించి చూడండి. ముందుగా ఎవరి పేర్లు పోతాయి? పొలంలో పనిచేసే కూలీలు, బట్టలుతికే ఆమె, మీ కాలేజీలో గది ఊడ్చే ఆయా, వీధి చివర ఉండే దూరపు చుట్టాలు. మిగిలేది పెద్దబావగారు, బ్యాంకు మేనేజరు, మీ ప్రిన్సిపాల్. ఈ మధ్య ‘సింపుల్ వెడ్డింగ్’ పేరుతో జరుగుతున్న చాలా పెళ్ళిళ్ళు ఇలాగే ఉంటున్నాయి. ఖర్చు తగ్గిందేమో కానీ గీత ఇంకా లోతుగా పడింది. గోరా పుస్తకాలు చదివి అలాంటి పెళ్ళి చేసుకుంటే ఆయన నుంచి మీరు తీసుకున్నది చాలా తక్కువ అవుతుంది.

అందుకే మీ నాన్నగారి మాటను నేను తోసిపుచ్చలేను. “అందరి పెళ్ళిళ్ళలో తిన్నాం, మనం పెట్టొద్దా?” అన్నారంటే, ఆయన ఊరికి తన బాకీ గురించి మాట్లాడుతున్నారు. అందులో పరువు భయం కొంత ఉండొచ్చు, కానీ మర్యాద కూడా ఉంది. అది మీరు గౌరవించవలసిన మర్యాద. భోజనం పెట్టడం వేరు, ఫంక్షన్ హాలు వేరు. ఈ రెండింటినీ ఆయన ఒకటిగా చూస్తున్నారు, మీరూ ఒకటిగానే చూస్తున్నారు. విడదీసి మాట్లాడండి. ఇంటి ముందు పందిరి, ఊళ్ళో వంటవాళ్ళు, అన్నం, పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, పులుసు, పెరుగు, ఒక స్వీటు. అందరికీ ఒకటే వంట, ఒకటే వరుస. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవాలి. పెద్దవాళ్ళకు మొదటి బంతి, పనివాళ్ళకు చివరి బంతి అనేది ఉండకూడదు. మీరూ, మీ పెళ్ళికొడుకూ మొదటి బంతిలో ఆ కూలీల పక్కనే కూర్చోండి. దీనికి పెద్దగా డబ్బు అక్కరలేదు, కానీ చుట్టాల్లో కొందరి ముఖాలు మాడతాయి. ఆ కష్టాన్ని మీ నాన్నగారి మీద వేయకుండా మీరు మోయండి.

చదివింపుల బల్ల పెట్టొద్దని నా సలహా. మీ నాన్నగారు ఇన్నేళ్ళూ అందరికీ చదివించి ఉంటారు, అవి తిరిగి రావాలనుకోవడంలో తప్పు లేదు. కానీ చేతిలో వంద రూపాయలు లేక పెళ్ళికి రాకుండా ఇంట్లో ఉండిపోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పిలిచేటప్పుడే “చదివింపులు తీసుకోవడం లేదు” అని చెబితే వాళ్ళు వస్తారు.

అప్పు సంగతి మాత్రం మెత్తగా చెప్పను. 12 లక్షలు నూటికి రెండు చొప్పున అంటే నెలకు వడ్డీ 24 వేలు, ఏడాదికి 2,88,000. అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గకుండా! అది మీ జీతంలో ముప్పాతిక భాగం. పెళ్ళయ్యాక ఆ వడ్డీ ఎవరు కడతారో మీ ఇంట్లో ఎవరైనా మాట్లాడారా? ఈ లెక్క ఒక కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టండి. గోరా పేరు ఎత్తొద్దు. “నాకు నచ్చిన పుస్తకంలో ఉంది” అనే మాట ఏ తండ్రికైనా తన పెంపకం మీద తీర్పులా వినిపిస్తుంది. “నాన్నా, మీరు పెట్టాలనుకున్న భోజనం పెడదాం, నేనూ కొంత వేసుకుంటాను, అప్పు మాత్రం వద్దు” అని అడగండి. ఆ మాట ఒక్కసారికే తేలదు. పొలం పనులు లేని పూట, అమ్మ పక్కన ఉన్నప్పుడు మళ్ళీ ఎత్తండి.

ఇంకో విషయం. మీ ఉత్తరంలో హాలు ఉంది, డెకరేషన్ ఉంది, చీరలు ఉన్నాయి. కట్నం మాట లేదు. లేదు కాబట్టి రాయలేదా, ఉన్నది మామూలే అనుకుని రాయలేదా? అడగక తప్పదు. ఎకరం పొలమో, ఇంటి స్థలమో ‘పసుపు కుంకుమ’ అనే పేరుతో చేతులు మారుతుంటే రిజిస్టర్ ఆఫీసులో రెండు దండలతో పెళ్ళి చేసుకోవడానికి అర్థం లేదు. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. మీ నాన్నగారి ఆస్తిలో మీ హక్కు వేరే సంగతి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటాను ఆంధ్రప్రదేశ్‌లో 1980ల సవరణతోనే ఇచ్చారు, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఇవ్వాలనుకుంటే ఆయన మీ పేరున, పెళ్ళితో ముడిపెట్టకుండా, దస్తావేజు రాసి ఇస్తారు. అది తీసుకోవడానికి మీరు సిగ్గుపడక్కర్లేదు. పెళ్ళికొడుకు తల్లిదండ్రుల చేతికి వెళ్ళేది మాత్రం ఏ పేరు పెట్టినా కట్నమే. “గోరాని మొత్తం తీసుకో” అంటున్న అబ్బాయి ముందు ఈ ఒక్క విషయం మీద తన ఇంట్లో మాట్లాడి రావాలి.

అతని మాట గురించి. దేవుణ్ణి నమ్మేవాళ్ళకు గోరాతో పనిలేదని గోరా కూడా అనుకోలేదు. ఆయన చాలాకాలం పనిచేసింది గాంధీతో, గాంధీ మనుషులతో. మొదట్లో గాంధీ ఆయన్ని కలవడానికి కూడా సుముఖంగా లేరు. 1944లో సేవాగ్రామ్‌లో కలిశాక మాటలు సాగాయి, చివరికి తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను అనలేనని గాంధీ అన్నారు. గోరా పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి అనుకున్నప్పుడు, గాంధీ తానే దగ్గరుండి జరిపిస్తానన్నారు. దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి కూడా ఒప్పుకున్నారు. గాంధీ హత్య జరిగిన కొన్ని వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. మీరు చదివిన ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా కదిలించే భాగం ఇదే. ఇద్దరూ తమ నమ్మకాల్లో ఒక్క అంగుళం కూడా మెత్తబడలేదు. పెళ్ళి మాత్రం ఇద్దరిదీ అయింది.

అయితే గోరాని మీకు అనుకూలంగా కత్తిరించుకోవద్దు. ఆయన దృష్టిలో నాస్తికత్వం ఒక పక్కన పెట్టగల అభిప్రాయం కాదు. 1972లో వచ్చిన ‘పాజిటివ్ ఎథీజం’ చదివితే వాదన సూటిగా తెలుస్తుంది. దేవుడి ఇష్టం, పూర్వజన్మ ఫలం, నుదుటి రాత అనుకున్నంతకాలం మనిషి తన పరిస్థితిని తాను మార్చుకోగలనని అనుకోడు. పేదవాడు తన పేదరికానికీ, ఉన్నవాడు తన సంపదకూ ఒకే కారణం చెప్పుకుని ఊరుకుంటారు. కాబట్టి సమానత్వం కావాలంటే ముందు మనిషి తాను స్వతంత్రుణ్ణని గుర్తించాలి అన్నది ఆయన వాదన. మీ నమ్మకంతో ఇది గొడవపడుతుంది, పడనివ్వండి. మీ మటుకు మీరు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఈ పెళ్ళిలో ఏ పని మీ భక్తి వల్ల చేస్తున్నారు, ఏ పని ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని చేస్తున్నారు? అమ్మ ఇంట్లో దీపం పెట్టి దండం పెట్టుకోమంటే పెట్టుకోండి. లక్ష రూపాయల స్టేజీ పువ్వులకు దేవుడితో సంబంధం లేదని మీ అమ్మగారికి కూడా తెలుసు. మూడేళ్ళ తర్వాత మీ నమ్మకం ఎక్కడుంటుందో ఇప్పుడు తేల్చనవసరం లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు. ఏ తంతూ లేకుండా పెళ్ళి కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలి. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే, ఆచారం ప్రకారం అప్పటికే జరిగిన పెళ్ళిని నమోదు చేయడమే. తంతు జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తీసుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రత్యేక వివాహ చట్టంలో అయితే మీ ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. అది ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లో చట్టపరమైన అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళి జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు చేసుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఈ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి కుటుంబంలో హక్కు పోతుందని ఎవరైనా పెద్దవాళ్ళు భయపెడితే, వధూవరులిద్దరూ హిందువులైనప్పుడు ఆ నిబంధన వర్తించదని 1976లోనే సవరించారని చెప్పండి. మీ అమ్మగారి కోసం ఇంట్లో చిన్న తంతు ఉండాలనుకుంటే ఇంత అక్కర్లేదు, అది జరిపించి హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. ఏది ఎంచుకున్నా సిగ్గుపడవలసింది లేదు.

చివరిగా, పెళ్ళి ఒక్కరోజు. నిరాడంబరంగా బతకడం మాత్రం రోజూ ఉంటుంది, దాని పని రోజూ ఎవరో చేయాలి. గోరా జీవితం చదివేటప్పుడు నా చూపు మాటిమాటికీ సరస్వతి గారి వైపు పోతుంది. పదేళ్ళ వయసులో పెళ్ళయి, తొమ్మిదిమంది పిల్లల్ని పెంచి, జీతం లేని ఇంట్లో వచ్చేపోయే కార్యకర్తలకు వండిపెట్టి, స్వాతంత్ర్యోద్యమంలో చిన్న కొడుకును వెంటబెట్టుకుని జైలుకు కూడా వెళ్ళింది. తన ఇష్టంతో, తన నమ్మకంతోనే ఆమె అదంతా చేసింది, ఎవరి నీడలోనూ బతకలేదు. అయినా “మనం సింపుల్‌గా బతుకుదాం” అని ఒక మగవాడు అన్నప్పుడు, వాషింగ్ మెషీన్ వద్దనుకుంటే బట్టలు ఎవరుతుకుతారు, బయటి తిండి మానేస్తే రాత్రి ఎనిమిదింటికి వంట ఎవరు చేస్తారు అని ఆడపిల్ల ముందే అడిగి తీరాలి. లేకపోతే ఒకరి ఆదర్శం ఇంకొకరికి చాకిరీ అవుతుంది. ఆ ఇంట్లో పెద్ద మనిషికీ చిన్న మనిషికీ మధ్య ఉన్న గీత వంటింటి గుమ్మం దగ్గర అలాగే ఉండిపోతుంది.

అందువల్ల మీరు ఇప్పుడు చదవవలసింది గోరాది ఇంకో పుస్తకం కాదు. సరస్వతి గారి ‘గోరాతో నా జీవితం’ సంపాదించి, మీరిద్దరూ విడివిడిగా చదవండి. తర్వాత ఒక సాయంత్రం కూర్చుని వంట, బట్టలు, మీ జీతం, అతని జీతం, మీ అమ్మానాన్నల ముసలితనం, ఇవన్నీ మాట్లాడుకోండి. ఆ మాటలు అయ్యాకే నాన్నగారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. కట్నం వద్దని, అప్పు వద్దని అబ్బాయి నోటి నుంచి వింటే ఆయన టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. రిజిస్టర్ పెళ్ళే అనుకుంటే మాఘమాసం దాకా ఆగకుండా, కనీసం నలభై రోజుల ముందే నోటీసు ఇవ్వండి. పిలుపులకు బయలుదేరేటప్పుడు మీ అక్కను కూడా వెంట తీసుకెళ్ళండి. ఆమె ఏ చీర కట్టుకుని వస్తే ఆ చీరతోనే.